తిత్తి గడప దాటితే

ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చూసుకోవాలి, అది నా అలవాటు, నలుగురున్న చోటికి వెళ్ళేముందు ఆ నలుగురూ ఎవరో మనసులో అనుకుంటే కాళ్ళు కాస్త నా మాట వింటాయి, నడవలో మంచం మీద ఏకాంబరం తాత, ఆయన కాళ్ళ దగ్గర గోడకు ఆనుకుని కుప్పమ్మవ్వ, గుమ్మం దగ్గర ఆటో తాళాలు వేలికి తగిలించి తిప్పుతూ మోహన్‌రాజ్ చిన్నాయన, కుర్చీలో గోపాలన్ వాద్యారు, భారతం ఆడే మేళానికి ఆయనే పెద్ద, పాంచాలి వేషమూ ఆయనే కడతాడు, నిన్న పూసిన రంగు ఇంకా చెవుల వెనక పోలేదు, వంటింట్లో పొయ్యి దగ్గర అలమేలు, అంటే మా అమ్మ, అమ్మ వెనక తలుపు చాటున నేను, నాయన మింజూరులో షిఫ్టుకు పోయాడు కాబట్టి లెక్కలోకి రాడు, ఇంకెవరు, దండేనికి వేలాడుతున్న తిత్తి, దాన్ని కూడా మనుషుల్లోనే వేయాలి, ఎందుకంటే పొద్దున్నుంచీ అందరూ మాట్లాడుతున్నది దాని గురించే, అదొక్కటే నోరు మూసుకుని ఉంది, నాలాగే.

తిత్తి అంటే మేకతోలు సంచి, పొట్ట కోయకుండా చొక్కా విప్పినట్టు ఒలిచి, తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక కంతలన్నీ దారంతో బిగించి, ఒక ముందరికాలికి ఊదే గొట్టం, రెండో కాలికి పలికే గొట్టం కడతారు, చంకలో పెట్టుకుని ఊది మోచేత్తో నొక్కితే ఒక స్వరం వస్తుంది, ఒకటే, రెండోది రాదు, పాట రాదు, ఆ ఒక్కదాన్ని పట్టుకునే భీముడు గర్జిస్తాడు, పాంచాలి ఏడుస్తుంది, తాత వెనక బల్ల మీద తెర పక్కన కూర్చుని ఊదుతూనే ఉంటాడు, ఆయన్ని ఎవరూ చూడరు, చిన్నప్పుడు అది చూసినప్పుడే నాకు అనిపించింది, అందరికీ వినబడుతూ ఎవరికీ కనబడకుండా ఉండొచ్చన్నమాట అని, బడిలో తెలుగు టీచరు నన్ను లేపి పద్యం చదవమంటే గొంతులో మాట ఎక్కడో ఇరుక్కుపోయేది, గట్టిగా గట్టిగా అని ఆమె అనేకొద్దీ అది ఇంకా లోపలికి పోయేది, పక్కన జ్యోతిక కిసుక్కున నవ్వేది, ఆ పద్యం నాకు వచ్చు, చివరి పాదం దాకా వచ్చు, రావడం వేరు, లేచి నిలబడడం వేరు.

మామా, నిన్న నాకు జరిగిన మర్యాద పగోడికి గూడా జరగగూడదు, అంటున్నాడు గోపాలన్ వాద్యారు, ఈ మాట చెప్పడం పొద్దున్నుంచి ఎన్నోసారో, తాత మాత్రం ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే తల ఊపుతున్నాడు, జరిగింది ఏమిటంటే తాతకు కడుపు ఆపరేషన్ అయింది, తిత్తి ఊదేవాళ్ళు మేళంలో లేరు, చిన్నాయన తన సెల్‌ఫోన్లో శ్రుతి పెట్టి మైకు ముందు ఉంచాడు, బాగానే పలికింది, సభలో దుశ్శాసనుడు చీర పట్టుకున్నాడు, పాంచాలి చేతులెత్తి కృష్ణా అని అందుకుంది, సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది, చిన్నాయన కంగారులో ఎర్రది నొక్కబోయి పచ్చది నొక్కాడు, మచ్చాన్, యాడుండావురా, బిర్యానీ తీసుకోనా వద్దా, అని ఊరంతటికీ వినబడింది, వెనకనుంచి ఎవడో పాంచాలికి గూడా ఒక ప్లేటు చెప్పరా అని అరిచాడు, దుశ్శాసనుడు గూడా నవ్వినాడు మామా, అని వాద్యారు ముక్కు చీదాడు, నా కొంగు చేతిలో పెట్టుకోనే నవ్వినాడు, ఇన్నేండ్లుగా నేను ఏడిస్తే ఆడోళ్ళు కండ్లు తుడుచుకునేటోళ్ళు, నిన్న నోరు మూసుకోని నవ్వినారు, చిన్నాయన తాళాలు తిప్పడం ఆపి, నేనేం కావాలని చేసినానా అన్నా, ఆ జీవాగాడు ఫోను అప్పుడే చేయల్లా, అన్నాడు, చాల్లేరా, అని అవ్వ కసిరింది, అమ్మ పొయ్యి వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది, నాకు నవ్వు రాలేదు, ఆ మనిషి చెవుల వెనక మిగిలిన రంగు చూస్తుంటే నవ్వు రాలేదు.

ఈ రోజు దుర్యోధనుడు పడే రోజు, ధర్మరాజుల గుడి ముందు మట్టితో చేసిన దుర్యోధనుడు ఇప్పటికే నేలమీద పడుకుని ఉంటాడు, రంగు మీసాలు, పెద్ద పొట్ట, పిల్లలు చుట్టూ పరిగెడుతుంటారు, మధ్యాహ్నం భీముడు తొడ పగలగొడితే అందులోంచి తీసిన ఎర్రనీళ్ళు అద్దుకుని పాంచాలి విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది, ఆమె జుట్టు మీద చెయ్యి పెట్టినప్పటినుంచి ముడి బిగిసేదాకా శ్రుతి తెగకూడదు, తెగితే ముడి పడలేదనే లెక్క, శపథం ఊరిమీదే నిలిచిపోయిందంటారు, మరుసటి ఏడు వేరే మేళాన్ని పిలుస్తారు, మా మేళానికి మిగిలిన ఊళ్ళే తక్కువ, పళ్ళిపట్టు పక్కన కొన్ని, తిరుత్తణి పక్కన ఇది, ఇదీ పోతే వేషాలపెట్టె అటక మీదికే, తిత్తి లేకుంటే నేను జుట్టు ముట్టను మామా, అన్నాడు వాద్యారు, ఫోన్‌ని నమ్ముకోని ముట్టను, పెట్టె కట్టేస్తా, నాకింక ఈ కూత్తాట వద్దు, ఆ మాటకు తాత చెయ్యి తనంతట తానే దండెం వైపు లేచింది, అవ్వ ఆ చెయ్యి వైపు చూసింది, ఊదు, ఊది ఆ కుట్లు తెగ్గొట్టుకో, మళ్ళా తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఇడ్లీలు తినొచ్చు, అంది, చెయ్యి దిగిపోయింది, ఎంత నెమ్మదిగా దిగిందంటే, నాకు అది చూడ్డం ఇష్టం లేక తిత్తిని చూశాను.

చిన్నాయన తిత్తి దించాడు, నిన్నటి తప్పుకు తనే ఏదో చేయాలని, చంకలో ఇరికించి బుగ్గలు పూరించి ఊదాడు, బురదలో కూరుకుపోయిన ఎనుము అరిచినట్టు ఒక అరుపు, తర్వాత గాలి బుస్సుమని పోయింది, వాకిట్లో మేకపిల్లలు తాళ్ళు తెంచుకోబోయాయి, పాపం, వాటికి పెద్దమ్మే కదా ఇది, అన్నాడు వాద్యారు, ఏడుపు మధ్యలో కూడా ఆయనకు వేళాకోళం ఆగదు, చిన్నాయన మళ్ళీ ఊదాడు, ఈసారి స్వరం వచ్చింది కానీ పైన ఉంది, ఉండాల్సిన చోటికి పైన, పలికే గొట్టం లోపలి నాలుకకు అంటించిన మైనం రాలిపోయింది, అందుకే తేలికై పైకి లేస్తోంది, పెసరగింజంత మైనం పెడితే దిగుతుంది, అంతే, వంటింట్లో కూర్చుని ఉల్లిపాయ తొక్కు తీస్తూ నాకు అది ఎలా తెలిసిందో అనుకోలేదు, పాలు పొంగబోతున్నాయని తెలిసినట్టే తెలిసింది, ఎవరైనా చెబుతారేమో అని చూశాను, తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆయనకు తెలుసు, ఎందుకు చెప్పడు, ఆయన మూసిన కళ్ళతోనే వంటింటి వైపు మొహం తిప్పాడు.

అదే మొహం, ఫోన్లో ఆ పోలండ్ కొండమనిషిని చూసినప్పుడు కూడా ఇలాగే తిప్పాడు నా వైపు, ఆపరేషన్ అయి వచ్చిన కొత్తలో తాతకు పొద్దుపోక చిన్నాయన ఏవేవో వీడియోలు చూపించేవాడు, ఒకటి వచ్చింది, చలిదేశం, వెనక కొండలమీద మంచు, ఒక పెద్దాయన, తెల్లటి ఉన్ని పంట్లాము మీద రంగుల కుట్టు, టోపీ చుట్టూ గవ్వలు, చంకలో తిత్తి, తిత్తే, మేకతోలే, అదీ కాక గొట్టం మొదట్లో చెక్కతో చెక్కిన మేక తల, కొమ్ములతో సహా, తాత లేచి కూర్చున్నాడు, ఆయప్ప మేకను మరిచిపోలేదు సూడు, మనం తోలు తీసుకోని తల వదిలేసినాం, అన్నాడు, ఆయన తిత్తి పాటే పలుకుతోంది, కిందనుంచి ఇంకో స్వరం కదలకుండా నిలబడి ఉంది, అదిగో అది మనది, అని తాత ఆ కదలనిదాన్ని వేలితో చూపించాడు, స్వరాన్ని వేలితో చూపించడం తాత ఒక్కడికే చేతనవును, ఆయప్ప ఊర్లో భారతం ఎవురు ఆడతారు, అని అడిగాడు, భారతం లేదు నాయనా, పెండ్లిండ్లకు ఊదతాడంట, గొర్రెలు కాసేటోడంట, అన్నాడు చిన్నాయన, ఆయన తర్వాత ఎవురు ఊదతారంట, అని తాత అడిగాడు, చిన్నాయన తెర వైపు చూడనే లేదు, నేను చూశాను, పెద్దాయన పక్కన బల్లమీద నా వయసు పిల్ల, రెండు జడలు, మెడలో ఎర్రపూసలు, దాని చంకలోనూ ఒక తిత్తి, ఆ పిల్ల ఎవరి వైపూ చూడడం లేదు, బుగ్గలు పూరించుకుని నేల చూస్తోంది, సిగ్గుపడేవాళ్ళు నేల చూసినట్టు కాదు, పని చేసేవాళ్ళు నేల చూసినట్టు, తాత ఆ పిల్లను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

మరుసటి రోజు నన్ను పేరు పెట్టి పిలిచి అన్నాడు, తనూ, తిత్తి పడుకోనిస్తే తోలు కట్టెబారుతుంది, నేను ఊదగూడదన్నారు, నువ్వు దాంట్లో కొంచెం గాలి పొయ్యి మే, అంతే, చెట్టుకు నీళ్ళు పోసినట్టు, అప్పటినుంచి అది నా పని అయింది, బడినుంచి వచ్చి తోలుకు గోరువెచ్చటి నీళ్ళద్ది, ఆముదం రాసి, మేకల కొట్టం వెనక తాత పక్కన కూర్చుని గాలి పోసేదాన్ని, మొదట కళ్ళు తిరిగేవి, పెదాలు వాచేవి, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం తెగేది, నోటితో కాదు, చెయ్యితో ఊదు, అనేవాడు తాత, నోరు నింపతాది, చెయ్యి పలికిస్తాది, ఒకరోజు తెగలేదు, ఊపిరి తీసుకున్నాను, అది నడుస్తూనే ఉంది, నాలో లేని ఊపిరి చంకలో ఉంది, అప్పుడు తాత పక్కన కూర్చుని సన్నగా భీముడి దరువు అందుకున్నాడు, కావాలని పైకి లాగాడు, నేనూ పైకి పోబోయాను, మోకాలిమీద ఒకటి చరిచాడు, పాడేటోడు పోతాడు, పోనీ, మళ్ళా నీకాడికే రావల్ల, నువ్వు ఉండేకాడ్నే ఉండు, అన్నాడు, ఉన్నచోట ఉండడం, అది నాకు చిన్నప్పటినుంచీ చేతనైన పనే, ఆ పనికి ఒక పేరుందని తెలియదు, ఇంట్లో వాళ్ళు మాత్రం పిల్ల తోలు ఎండకుండా చూస్తోంది అనుకున్నారు, నేను గాలి పోస్తున్నానని అందరికీ తెలుసు, ఊదుతున్నానని ఎవరికీ తట్టలేదు, ఆడపిల్ల చేసేది ఏదైనా ఇంటిపనే అయిపోతుంది మా ఇంట్లో.

చిన్నాయన మూడోసారి ఊదబోతుంటే ఉల్లిపాయ కింద పెట్టి లేచాను, ఎలా లేచానో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాదు, చేతులు చున్నీకి తుడుచుకున్నది గుర్తుంది, చిన్నాయనా, ఇట్లియ్యి, అన్నాను, నా గొంతు మామూలుగానే ఉంది, ఆయన నీళ్ళబిందె ఇచ్చినట్టు ఇచ్చేశాడు, పలికే గొట్టం ఊడదీసి, దేవుడి పటం వెనక దాచిన మైనంలోంచి గోటితో గిల్లి, వేళ్ళ మధ్య వెచ్చబరిచి నాలుక చివర అంటించాను, మళ్ళీ బిగించాను, మోచెయ్యి ఆనించాను, ఊదాను, అది వచ్చింది, తన చోటికి తాను వచ్చి కూర్చుంది, నడవంతా దానితో నిండింది, మేకపిల్లలు నెమరు ఆపి చెవులు నిక్కించాయి, నేల చూస్తున్నాను నేను, అవ్వ కాలివేళ్ళ మెట్టెలు కనబడుతున్నాయి, వాద్యారు కుర్చీ కిర్రుమంది, ఆయన నన్ను ఏమీ అడగలేదు, పాంచాలి శపథం ఎత్తుకున్నాడు, కూర్చున్నచోటే, వేషం లేకుండా, రంగు చొక్కాతోనే, పైకి లాగాడు, నేను పోలేదు, ఇంకా పైకి లాగి గొంతు పగిలేచోట ఆడించాడు, పరీక్ష పెడుతున్నాడని తెలుసు, పోనీ అనుకున్నాను, ఉన్నచోటే ఉన్నాను, చివరికి మెల్లగా దిగివచ్చి నా స్వరం మీద తల పెట్టుకున్నట్టు ఆగాడు, ఆగినతర్వాత కూడా నేను ఆపలేదు, ముడి పడేదాకా ఆపకూడదు కదా, ఆయన వేళ్ళు గాలిలో, లేని జుట్టును ముడి వేశాక ఆపాను, చూస్తే వాద్యారు కళ్ళు తుడుచుకుంటున్నాడు, నిన్న నవ్వినోళ్ళు యాడుండారో ఇప్పుడు రమ్మను, అన్నాడు, మామా, దొంగమామా, తిత్తిని ఇంట్లోనే పెంచుకుంటా నాకు చెప్పలేదే, తాత ఇప్పుడు కళ్ళు తెరిచాడు, నువ్వు అడిగినావా, ఊదేటోడు యాడ అని అడిగినావు గానీ, అన్నాడు.

అమ్మ గరిటె చేతిలో పట్టుకునే వచ్చింది, ఇంట్లో ఊదినదానికి సంతోషం, అంతమంది మొగోళ్ళ నడుమ బల్లమీద కూర్చుంటాదా, బడిలో పేరు చెప్పమంటే చెప్పలేదు ఇది, అంది, నిజమే, పేరు చెప్పలేను, అక్కా, ఈ బల్లమీద పేరు ఎవురూ అడగరు, అన్నాడు వాద్యారు, ఆడది తిత్తి ఊదేది మనూర్లో ఉండాదా, అని అమ్మ, మొగోడు పాంచాలయ్యేది ఉండాది గదా, అని వాద్యారు, చిన్నాయన గట్టిగా నవ్వాడు, అమ్మ నవ్వలేదు, నా వైపు తిరిగింది, నీకు భయం లేదా మే, అని అడిగింది, అందరూ నన్నే చూస్తున్నారు, నడవలో ఉన్న అందరూ, అక్కడ ఎవరెవరుంటారో మళ్ళీ మనసులో చూసుకున్నాను, మట్టి దుర్యోధనుడి చుట్టూ ఎంతమంది ఉంటారో, జ్యోతిక కూడా వస్తుంది, వాళ్ళ అవ్వది ఆట జరిగే ఊరే, భయం ఉందమ్మా, అన్నాను, అది తెగదు గానీ, శ్రుతి, అది తెగదు, చెయ్యి చూసుకుంటాది, ఇంత పొడుగు మాట నేను నలుగురిలో ఎప్పుడూ అనలేదు, అమ్మ గరిటె కింద పెట్టి, తన జాకెట్టు నుంచి పిన్నీసు తీసి నా చున్నీని భుజం దగ్గర గట్టిగా గుచ్చింది, గొట్టానికి చిక్కుకోకుండా.

అవ్వ మాత్రం అక్కడ లేదు, నేను ఊదుతున్నప్పుడే లేచి లోపలికి పోయింది, మెట్టెలు కనబడడం మానేశాయి, అది నాకు తెలుసు, తెలిసినా స్వరం కదలనివ్వలేదు, కానీ ఇప్పుడు అవ్వ యాడ అని మనసు వెతుకుతోంది, అవ్వ వద్దంటే తాత కూడా ఏమీ చేయలేడు, తిత్తికి నీళ్ళద్ది తడిగుడ్డలో చుట్టాను, చిన్నాయన ఆటో స్టార్ట్ చేశాడు, వాద్యారు వేషాలసంచి పట్టుకుని అప్పుడే ఎక్కి కూర్చున్నాడు, పాపా, రా, ఎండ ఎక్కతాంది, అంటున్నాడు, తాత దగ్గరికి పోయాను, ఆయన తిత్తిని ముట్టుకోలేదు, నా మోచేతిని ముట్టుకున్నాడు, లోపలిపక్క, నొక్కేచోట, అక్కడ తోలు రాసుకుని గట్టిపడిన కాయ ఉంది, ఆయనకూ అక్కడే ఉంది, పో, అన్నాడు.

అవ్వ సంగతి ఒకటుంది, ఇంట్లోంచి ఎవరు పోయినా అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తుంది, నాయన మింజూరు బస్సెక్కినా, నేను బడికి పోయినా వీధి మలుపు తిరిగేదాకా అక్కడే, పోయినవాళ్ళు వెనక్కి చూస్తే చెయ్యి ఊపుతుంది, తాత ఒక్కడికే అలా చేసేది కాదు, తాత తిత్తి భుజాన వేసుకుని గడప దాటితే చాలు, ఆయన రెండో కాలు ఎత్తేలోపు తలుపు ధడాలున వేసి గడియ పెట్టేది, చిన్నప్పుడు నేను లోపల నిలబడి ఏడ్చేదాన్ని, వాళ్ళిద్దరికీ కొట్లాట అనుకుని, ఒకసారి తాత ఆటనుంచి తిరిగి వచ్చాక అడిగాను, అవ్వకు నీమీద కోపమా అని, కోపం గాదు మే, ఇంట్లోవాళ్ళు చూస్తాంటే ఊపిరి సగం ఇంటికాడే నిలిచిపోతాది, తలుపు పడితేనే మొత్తం తిత్తిలోకి వస్తాది, అన్నాడు, నాకు అప్పుడు అర్థం కాలేదు, తాత ఏదో సర్దిచెబుతున్నాడనుకున్నాను, ఆపరేషన్ తర్వాత తలుపు ఎప్పుడూ అలా మోగలేదు, పగలంతా బార్లా తీసే ఉంటుంది.

గడప దాటాను, తిత్తి బరువు లేదు, తడిగుడ్డ చల్లగా పక్కటెముకలకు తగులుతోంది, ఆటో పొగ, వాద్యారు వేషం సంచిలోంచి రంగు వాసన, ఎండ, రెండో కాలు ఇంకా లోపలే ఉన్నట్టుంది, నీళ్ళసీసా మరిచిపోయానని గుర్తొచ్చింది, నిజానికి సీసా కోసం కాదు, అవ్వ గుమ్మంలోకి వచ్చిందో లేదో చూద్దామని వెనక్కి తిరిగాను, వచ్చింది, గుమ్మం నిండా నిలబడి ఉంది, రెండు చేతులూ రెండు తలుపుల మీద, చెయ్యి ఊపుతుందేమో, బడికి పోయేటప్పటిలా, లేదా రా లోపలికి అంటుందేమో, అవ్వా, నీళ్ళు, అన్నాను, అవ్వ నా మొహం చూడలేదు, నా చంక కింద తిత్తిని చూసింది, కట్టు సరిగా ఉందో లేదో చూసినట్టు చూసి, ధడాలున తలుపు వేసేసింది, నా ముక్కుకు గాలి తగిలింది, లోపల గడియ పడిన చప్పుడు వినబడింది, ఇనప గడియ, అటూ ఇటూ కదిలి గట్టిగా కూర్చున్న చప్పుడు, చిన్నప్పుడు లోపలినుంచి ఎన్నిసార్లో విన్నాను దాన్ని, బయటినుంచి వినడం ఇదే మొదలు, బయటినుంచి అది తాత ఒక్కడికే వినబడేది, తలుపు వైపు ఇంకాసేపు నిలబడాల్సిన పని లేదు, ఊపిరంతా నాతోనే ఉంది.